తుపాకి నిద్ర చేయని కొట్టు

ఆల్డర్ క్రీక్‌లో మంచు ఎంత పడుతుందో మొత్తం చెబితే మీరు నమ్మరు, అందుకని సగమే చెబుతాను. ఒక ఏడాది ఇళ్ల ముందు పోస్టు డబ్బాలు ఎక్కడున్నాయో తెలియక పోస్టుమాను ఉత్తరాలన్నీ పొగగొట్టాల్లోంచి లోపలికి జారవిడిచి పోయాడు. అవి సరాసరి పొయ్యిలో పడి బూడిదయ్యాయి. వచ్చినవన్నీ కరెంటు బిల్లులే కావడంతో మంచు కరిగాక ఊరంతా కలిసి ఆయనకు చేపల విందు చేసింది. అలాంటి ఊళ్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి మూగవాళ్ల లెక్కలో వేస్తారు. ఆ లెక్కన ఆర్వో కాంగస్ ఊరికంతటికీ పెద్ద మాటకారి. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఎప్పుడైనా నానితే గుమ్మడికాయై బయటికొస్తుంది.

ఆర్వోకి డెబ్భై ఒకటి. ఇనప గని మెషిన్ షాపులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లకు, పెళ్లికూతురు వస్తున్న రైలు ఇంకా మంచులోనే ఉందని చెప్పేవాడు. గని అతన్ని ఇంటికి పంపిన ఏడాది, ఇంటి వెనక గరాజు ఊడ్చి, ఒక లేజర్ యంత్రం తెచ్చి పెట్టుకున్నాడు. అది కుట్టుమిషను కన్నా కొంచెం పెద్దది. పైనుంచి కంటికి కనపడని వెలుగు దిగి, ఉక్కు మీది నల్లపూతను కాల్చి, మనం గీసిచ్చిన అక్షరాలను చెక్కిపెడుతుంది.

ఆ చుట్టుపక్కల రైఫిలంటే ఇంట్లో ఒక మనిషి. తాత పోతే మనవరాలి చేతికొస్తుంది. కాబట్టి దానిమీద తాత పేరు, మొదటి జింక పడిన తేదీ, చచ్చిపోయిన వేటకుక్క మొహం, ఇలా ఏదో ఒకటి చెక్కించుకోవాలని అందరికీ ఉంటుంది. ఒకతను పెళ్లాం పేరు చెక్కించుకుని, ఆర్నెల్లకే వచ్చి దాన్ని చెరిపి ఇంకో పేరు వెయ్యమన్నాడట. ఉక్కు మీద రాసింది చెరిపితే ఉక్కే పోతుంది, పెళ్లాం ఎక్కడికీ పోదు అన్నాడు ఆర్వో. చేసేదేం లేక అతను మొదటామె దగ్గరికే వెళ్లి రాజీపడ్డాడు. వాళ్ల రెండో పిల్లకి ఆర్వో పేరు కలిసేలా పేరు పెట్టారని అంటారు. అనేవాడు ఆర్వోనే.

గరాజు తలుపు మీద ఒక రేకు ఉంది. దానిమీద చెక్కి ఉన్న మాటలు ఇవి: "ఇక్కడ తుపాకి నిద్ర చేయదు. సొంతదారు పక్కన కూర్చోవాలి." కూర్చోడానికి లోపల ఒకే ఒక కుర్చీ. మూతపడ్డ మంగలిషాపులోంచి మోసుకొచ్చింది, గుండ్రంగా తిరుగుతుంది. ఎందుకీ రూలని అడిగితే ఆర్వో దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. తుపాకి రాత్రికి కొట్టులో ఉండిపోతే, వచ్చిన తేదీ, పోయిన తేదీ, నంబరు, అన్నీ చట్టం ప్రకారం పుస్తకంలో ఎక్కించాలి. అదే రోజు తెచ్చినవాడి చేతికే తిరిగిచ్చేస్తే ఆ గొడవ లేదు. పుస్తకం రాయడమంటే తనకి ఒళ్లుమంట. వినడానికి బాగానే ఉంది. ఇది కూడా అతని మాటల్లాంటిదేనని కొందరికే తెలుసు.

ఒక పేరు చెక్కడానికి యంత్రానికి పట్టేది నాలుగు నిమిషాలు. ఆర్వోకి పట్టేది గంట. ముందు రైఫిల్ తెరిచి, తూటా ఉండే గదిలో దీపం వేసి చూసేవాడు, వేలు పెట్టి చూసేవాడు, మళ్లీ దీపం వేసి చూసేవాడు. అంతవరకు న్యాయమే. తర్వాత స్పిరిట్‌తో తుడవడం. తర్వాత పాతగుర్తులేమైనా ఉంటే పల్చటి కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకోవడం. ఆపైన ఫోకస్ సరిచూడ్డం, ఎర్రచుక్క పేరు చుట్టూ తిరిగే దారి చూడ్డం, నచ్చక జరపడం, కాఫీ పెట్టడం. ఈ లోగా కుర్చీలో ఉన్న మనిషికి మూడు కథలు పూర్తయ్యేవి. అక్టోబరు నుంచి నవంబరు పదిహేను దాకా, అంటే జింకల వేట మొదలయ్యేదాకా, ఆ కుర్చీ చల్లబడేది కాదు. పదహారో తారీకు నుంచి మళ్లీ ఎండలు కాసేదాకా మనిషి ఊసుండేది కాదు. అప్పుడు ఆర్వో తనే ఆ కుర్చీలో కూర్చుని, ఆగి ఉన్న యంత్రం వైపు తిరిగేవాడు. కాసేపటికి కిటికీ వైపు తిరిగేవాడు. తిరిగే కుర్చీ కావడం ఒక సదుపాయమే.

అతని కథల్లో ఎక్కువభాగం తౌనో లెహ్తో చావు గురించి. తౌనో ఒక ఏడాది గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతూ మంచుగడ్డ కింద పడిపోయాడు. వసంతంలో తీస్తే గాలం పట్టుకునే ఉన్నాడు, మాట్లాడకండి చేప బెదురుతుందన్నట్టు వేలు పెదవుల మీదుంది. మరో ఏడాది స్టర్జన్ చేప ఒకటి మంచు మీద వేసుకున్న అతని గుడిసెతో సహా పెద్ద సరస్సు అవతలికి, కెనడాకి లాక్కుపోయింది. అక్కడివాళ్లు పాస్‌పోర్టు లేదని తౌనోని ఆపి చేపను రానిచ్చారు, దిగులుతో పోయాడు. నిరుడు ఎలుగుబంటి తినేసింది. ఏటా నవంబరులో డార్లీన్ నడిపే పెట్రోలు బంకులో ఆర్వో కాఫీ పోసుకుంటుంటే, బల్ల వెనక నుంచి డార్లీనే మొదలుపెట్టేది: "తౌనో ఈ ఏడాది ఎలా పోయాడు?" అక్కడున్న నలుగురూ టోపీలు వెనక్కి నెట్టుకుని వినడానికి సర్దుకునేవారు.

తౌనో ఏడు మైళ్ల దూరంలో, ఆటర్ సరస్సు ఒడ్డున, బతికే ఉన్నాడు. శుక్రవారం శుక్రవారం అదే బంకులో మాంసం కూరిన పేస్టీ రొట్టెలు రెండు కొనుక్కుని పోయేవాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఆర్వోతో మాత్రం ఎవరూ అనరు. ఎనిమిదేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు.

ఒకప్పుడు అడవిలో తారుకాగితం కప్పిన వేట గుడిసె ఒకటి ఆరుగురికి ఉమ్మడిగా ఉండేది. నలుగురు పోగా ఆర్వో, తౌనో ఇద్దరే మిగిలారు. తౌనోకి అరవయ్యారో పుట్టినరోజు వచ్చింది. అతని దగ్గర వాళ్ల నాన్న జాలో వాడిన, లీవర్ లాగి పేల్చే పాత రైఫిలుంది. నువ్వు దాన్ని ఒక రాత్రి నా దగ్గర వదిలిపో, పొద్దున వచ్చి చూసుకో అన్నాడు ఆర్వో. అప్పటికి తలుపు మీద రేకు లేదు. ఆ రాత్రంతా కూర్చుని, తుప్పు తీసి, ఉక్కు పలక మీద గీతలన్నీ నున్నగా అరగదీసి, కొత్తగా నల్లపూత పట్టించి, లేజర్‌తో జాలో లెహ్తో అని పెళ్లిపత్రిక మీద ఉన్నంత అందంగా చెక్కాడు. చుట్టూ దేవదారు కొమ్మలు కూడా వేశాడు.

పొద్దున తౌనో వచ్చాడు. రైఫిల్ చేతిలోకి తీసుకుని, కొమ్మల మీద బొటనవేలు పెట్టి, అటూ ఇటూ రుద్దాడు. ఇక్కడ నాన్న మేకుతో గీసుకున్న పేరుండాలి అన్నాడు. ఆర్వోకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తను గీతలనుకుని అరగదీసినవి ఇంగ్లీషులో నాలుగు వంకర అక్షరాలు, ఒక సంవత్సరం: జాలో, 1951. తౌనో అరవలేదు, తిట్టలేదు. థాంక్స్ చెప్పి, రైఫిల్ దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఆర్వో బతికిపోయేవాడు. ఆ నవంబరులో తౌనో గుడిసెకి రాలేదు. మరుసటేడూ రాలేదు. రేకు మాత్రం వచ్చింది, తలుపు మీదికి.

ఇక కొందరికే కాదు, ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. గని రోజుల అలవాటు కొద్దీ ఆర్వో ఆ రాత్రి కూడా అరగదీయబోయే ముందు కాగితం పెట్టి పెన్సిలు రుద్దాడు. ఏం రుద్దుతున్నాడో చూడకుండానే రుద్దాడు. ఆ కాగితం రెండేళ్ల తర్వాత సొరుగులో దొరికింది. అందులో జాలో పేరు తెల్లగీతల్లో నిలబడి ఉంది. అప్పట్నుంచి ప్రతి చలికాలం, కుర్చీ ఖాళీగా ఉన్న నెలల్లో, ఆర్వో అరచేతంత ఉక్కు రేకుల మీద ఆ నాలుగక్షరాలు చెక్కుతూ వచ్చాడు. లోతు మార్చి చూశాడు, వేగం మార్చి చూశాడు, ఒకే గీతను పదిసార్లు కాల్చి చూశాడు. ఆకారం అచ్చం అదే వచ్చేది. అయినా మేకు గీతలా ఉండేది కాదు, మేకు గీతకి తీసిన ఫొటోలా ఉండేది. నలభై మూడు రేకులయ్యాయి. బిస్కెట్ల డబ్బాలో వేసి యంత్రం కింద పెట్టాడు. ఒకటైనా సరిగ్గా కుదిరితే తీసుకుని తౌనో ఇంటికెళదామని. ట్రక్కెక్కి బయల్దేరిన రోజులూ ఉన్నాయి. ఆటర్ సరస్సు దగ్గర తౌనో పోస్టు డబ్బా కనిపించేది, ట్రక్కు దానంతటదే వెనక్కి తిరిగేది. ఆ ట్రక్కుకు అంత తెలివెలా వచ్చిందో అతనికే అర్థమయ్యేది కాదు.

ఈ ఏడాది నవంబరు ఎనిమిదిన కుర్చీలోకి తౌనో కూతురు కారిన్ వచ్చి కూర్చుంది. స్కూలు బస్సు నడుపుతుంది, నలభై దాటాయి, చిన్నప్పుడు ఆర్వో భుజాలెక్కి గుడిసెకి వెళ్లిన పిల్ల. ఒళ్లో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట. విప్పకముందే ఆర్వో గుర్తుపట్టాడు. కాఫీ కప్పు పెట్టబోయిన చోట బల్ల లేకపోయింది.

కారిన్ కుర్చీని ఒక చుట్టు తిప్పి ఆపింది.

"మా నాన్నని ఎలుగుబంటి తిందటగా ఆర్వో బాబాయ్. అరిగిందా దానికి?"

"అరగలేదు. ఉమ్మేసింది." ఒలికిన కాఫీని నేల మీంచి తుడుస్తూ అన్నాడు. ఆ తర్వాతి మాట ఎనిమిదేళ్లుగా ఎవర్నీ అడగనిది, దానంతటదే జారింది. "ఎలా ఉన్నాడు?"

నాన్నకి ఊపిరి అందడంలేదంది కారిన్. ఆర్వోలాగే గనిలో పనిచేసినవాడు, ఆ దుమ్ము ఇప్పుడు తన బాకీ వసూలు చేసుకుంటోందంది. ఇంట్లోనే ఆక్సిజన్ మిషను, ముక్కుకు గొట్టం. క్రిస్మస్ చూస్తే గొప్పేనంటున్నారు డాక్టర్లు. బంకుకు తనే వెళుతోంది ఇప్పుడు.

"పేస్టీ తెచ్చానా లేదా అని అడగడు బాబాయ్. ఈసారి ఎలా చచ్చానే అని అడుగుతాడు. డార్లీన్ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాలి. చేప కథ మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఎలుగుబంటిది నచ్చలేదు. తను అంత తేలిగ్గా దొరికేవాణ్ణి కాదట."

ఎనిమిదేళ్లుగా ఆర్వో కుర్చీకి, కిటికీకి, బంకులో నలుగురికి చెబుతున్నాననుకున్న కథలు ఏడు మైళ్ల అవతల ఒకడు కూర్చుని వింటున్నాడు. మంచివీ చెడ్డవీ ఏరుకుంటున్నాడు.

కారిన్ వచ్చిన పని వేరు. తండ్రి తర్వాత రైఫిల్ ఆమెది. దానిమీద తన పేరు చెక్కించుకోమని తండ్రే పంపాడు, ఆర్వో దగ్గరికే వెళ్లమన్నాడు, పక్కనుంచి కదలొద్దని కూడా చెప్పాడు. ఆర్వో రైఫిల్ తెరిచి దీపం వేసి చూశాడు, వేలు పెట్టి చూశాడు. యంత్రం కింద బిగించాడు. తను చెక్కిన కొమ్మల కింద, ఖాళీ ఉన్నచోట, ఎర్రచుక్క కారిన్ పేరు చుట్టూ గబగబా తిరుగుతోంది. కాలికింది పెడల్ నొక్కడమే మిగిలింది.

కాలు పడలేదు.

మిషను పాడైందా అని అడిగింది కారిన్. మిషను కాదు, కాలు అన్నాడు. యంత్రం ఆపి, వంగి, కింద నుంచి బిస్కెట్ల డబ్బా లాగి ఆమె ఒళ్లో పెట్టాడు. తండ్రికీ ఇతనికీ ఏదో జింక దగ్గర తగువొచ్చిందనే ఆమె ఇన్నాళ్లూ అనుకుంటోంది. ఆ రాత్రి జరిగింది ఆర్వో మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. అందులో చేప లేదు, ఎలుగుబంటి లేదు, ఎవరూ కెనడా పోలేదు. చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

కారిన్ రేకుల్ని ఒక్కొక్కటీ తీసి చూసింది. డబ్బా అడుగునున్న పెన్సిలు కాగితం చాలాసేపు పట్టుకుంది. పేరు చెక్కించుకోకుండానే లేచి, రైఫిల్‌తో పాటు డబ్బా కూడా చంకలో పెట్టుకుని వెళ్లింది. తీసుకెళ్తున్నానని చెప్పలేదు, వద్దని అతనూ అనలేదు.

ఆర్వో ఇంట్లో ఉండే ఫోను గరాజులోకి మార్చాడు. తర్వాతి మూడు రోజులూ వేటకి ముందు వచ్చే చివరి రద్దీ. కుర్చీలో ఒకరు లేస్తే ఒకరు. ఆర్వో అందరికీ నాలుగేసి నిమిషాల్లో పేర్లు చెక్కి పంపించేశాడు. కథలేవని అడిగితే గొంతు బాగాలేదన్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని ఒకావిడ యాలకుల రొట్టె పంపింది.

మంగళవారం కారిన్ ఫోన్ చేసింది. నాన్న రమ్మంటున్నాడంది. మిషను కూడా తెచ్చుకోమన్నాడట. సొంతదారు పక్కన కూర్చోవాలన్న రూలు ఆర్వోదే కదా, సొంతదారు మంచం దిగలేడు, కాబట్టి మిషనే రావాలి అన్నాడట.

బుధవారం పొద్దున ఆర్వో యంత్రాన్ని దుప్పట్లో చుట్టి, ట్రక్కులో పక్కసీటు మీద కూర్చోబెట్టి, బెల్టు పెట్టాడు. పోస్టు డబ్బా వచ్చింది. ట్రక్కు కొంచెం ఆలోచించింది. ఈసారి అతను దాని మాట వినలేదు.

తౌనో కిటికీ దగ్గర మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. సగమయ్యాడు. కాళ్ల మీద రైఫిల్, దుప్పటినిండా రేకులు. మూలన ఆక్సిజన్ మిషను ముసలి కుక్కలా గురకపెడుతోంది. తౌనో తల తిప్పి చూసి, పలకరింపులేవీ పెట్టుకోకుండా అన్నాడు:

"లావెక్కావురా."

"చచ్చినోడివి, నీకెందుకు?"

"చచ్చినా కళ్లున్నాయి." ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. "ఊఁ, మిషను ఎక్కడ పెడతావు?"

ఆర్వో గుమ్మంలోనే నిలబడిపోయాడు. గొట్టం వైపు, మూలనున్న పెట్టె వైపు, దాని మీద అంటించిన నిప్పు బొమ్మ వైపు చూశాడు. ముప్ఫై నాలుగేళ్లు నిప్పురవ్వల మధ్య బతికినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉక్కు మీద లేజర్ పడితే రవ్వ లేస్తుంది, ఆక్సిజన్ ఉన్నచోట రవ్వ చాలు. ఇక్కడ కుదరదన్నాడు. పది నిమిషాలు దాన్ని కట్టేయమన్నాడు తౌనో. ఊపిరి బిగబట్టుకుంటాడట, వాళ్ల నాన్న చర్చిలో మూడు పాటలయ్యేదాకా బిగబట్టేవాడట.

"కట్టేసినా గదిలో ఉన్నది పోదు. ఇల్లు లేచిపోద్దిరా."

"లేస్తే లేచింది. నీకో నిజం కథన్నా దొరుకుద్ది."

కారిన్ వంటింట్లోంచి ఇద్దర్నీ కసిరింది. తౌనో నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఆర్వో అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ వీపు మీద కోటు తగిలించుకునే కొక్కెంలా ఎముక తగిలింది. చెయ్యి తీయడం మర్చిపోయాడు.

రేకులన్నీ చూశానన్నాడు తౌనో. కళ్లు తెరిచి చూస్తే నలభై మూడూ నాన్నవేనట. కళ్లు మూసుకుని బొటనవేలితో చూస్తే ఒక్కటీ కాదట. చిన్నప్పుడు చెట్టు మీద మంచె ఎక్కి, చీకట్లో జింక కోసం కూర్చున్నప్పుడు, చలికి వేళ్లు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోడానికి ఆ పేరు తడుముకునేవాడట. వరండాలో కాఫీ డబ్బా ఉంది, మేకులుంటాయి, పెద్దది తెమ్మన్నాడు.

ఆర్వో మేకు తెచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని, రైఫిల్ తెరిచి గది ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తను చెక్కిన అందమైన కొమ్మల కింద మేకు మొన ఆనించాడు. మొదటి అక్షరం మొదలుపెట్టబోతుంటే తౌనో అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు, బరువే ఉంది.

"ఈ చెయ్యి కాదు. ఎడం చెయ్యి."

కుడిచేతి వేళ్లు రెండు గనిలో ఖనిజం బండి కింద పోయాయి జాలోకి. పెన్సిలైనా, మేకైనా ఆ తర్వాత అంతా ఎడమే. మేకుతో గీస్తే ఉక్కు ఒక పక్కకి సన్నటి అంచులా లేస్తుంది. కుడిచేతివాడికి ఒక వైపు లేస్తుంది, ఎడమచేతివాడికి రెండో వైపు. కాగితం మీద పెన్సిలు రుద్దితే గీత దొరుకుతుంది, అంచు దొరకదు. లేజర్‌కి అసలు అంచే ఉండదు, కాల్చి ఊదేస్తుంది. ఆరు చలికాలాలు ఆర్వో వెతికింది ఆ అంచు కోసమని అతనికే తెలియదు.

ఎడమచేత్తో మొదలుపెట్టాడు. ఊళ్లోకల్లా నిలకడైన చెయ్యి అని పేరుపడ్డ మనిషి, ఒకటో తరగతి పిల్లాడిలా నాలుక బయటపెట్టి గీశాడు. మేకు జారింది, ఎగిరింది, మూడో అక్షరం రెండోదాని మీద పడింది. కొత్త నల్లపూత మీద చారలు పడుతుంటే అతని ప్రాణం ఉసూరుమంది. తౌనో పక్కనే కూర్చుని, సొంతదారు కూర్చోవాల్సినట్టే కూర్చుని, ఇంకా గట్టిగా, అక్కడ కాదు, ముసలాడు అంత భయపడుతూ గీయలేదు అంటూ సతాయించాడు. ముప్పావుగంట పట్టింది. కథలేమీ చెప్పుకోలేదు.

అయ్యాక తౌనో కళ్లు మూసుకుని బొటనవేలు పెట్టాడు. ముందుకొకసారి, వెనక్కొకసారి. ఆ వేలు చివరి అంకె దగ్గర ఆగిపోయింది. చాలాసేపు అక్కడే ఉంది. నిద్రపోయాడేమో అనుకున్నాడు ఆర్వో.

"ఇంతకంటే బాగా గీయకు." అన్నాడు కళ్లు తెరవకుండానే. తర్వాత కారిన్‌ని పిలిచి, నీ పేరు నువ్వే గీసుకో, నువ్వు కూడా బాగా గీయకు అన్నాడు. ఆర్వో కోటు తొడుక్కుని గుమ్మం దాటుతుంటే మళ్లీ ఆ గొంతు వినిపించింది.

"ఈ ఏడాది ఎలా చంపుతున్నావురా నన్ను?"

"ఇంకా అనుకోలేదు."

"తీరిగ్గా అనుకో. ఎలుగుబంటి మాత్రం వద్దు."

శుక్రవారం ఊళ్లో మగవాళ్లూ సగం మంది ఆడవాళ్లూ గుడిసెలకి వెళ్లిపోయారు. నలభై ఆరేళ్లలో మొదటిసారి ఆర్వో వెళ్లలేదు. గుడిసెలో ఫోను పలకదు. గరాజులోనే ఉండి కథ కట్టడం మొదలుపెట్టాడు. శనివారం పొద్దున దూరంగా తుపాకులు మోగుతుంటే, మంగలికుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ, దాన్ని నునుపు చేశాడు. అతని జన్మలో అంత మంచి కథ కట్టలేదు. అందులో ఒక దుప్పి ఉంది, మంచు తోసే బండి ఉంది, ఇద్దరు గవర్నర్లు ఉన్నారు. చివర్లో తౌనో పోయే తీరు విని దేవుడే నవ్వాపుకోలేక స్వర్గం గేటు తెరవడం మర్చిపోయాడు. ఆదివారం నాడు గేటు దగ్గర ఒక తాళం కూడా చేర్చాడు. వచ్చే శుక్రవారం డార్లీన్ చెవిన పడితే, ఆ సాయంత్రానికి ఆటర్ సరస్సు చేరుతుంది.

మంగళవారం పొద్దున ఫోను మోగింది. కారిన్ రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. సరే అన్నాడు ఆర్వో. వస్తున్నానన్నాడు.

దారిలో బంకు దగ్గర ఆగాడు. ఆ ఇంట్లో ఎవరూ ఏమీ తిని ఉండరని తోచింది. పేస్టీలు ఆరు కట్టమన్నాడు. డార్లీన్ కాగితం చుడుతోంది. వేట నుంచి తూటాల కోసం, కాఫీ కోసం దిగొచ్చిన నారింజరంగు టోపీల వాళ్లు ముగ్గురున్నారు. వారం రోజులుగా ఆర్వో గొంతు వినక మొహంవాచి ఉన్నారు.

"ఊఁ, కానియ్ మరి." అంది డార్లీన్. "తౌనో ఈ ఏడాది ఎలా పోయాడు?"

దుప్పి ఉంది నోట్లో. మంచుబండి ఉంది. ఇద్దరు గవర్నర్లూ వరసలో నిలబడి ఉన్నారు.

"ఇవాళ పొద్దున పోయాడు." అన్నాడు ఆర్వో. "ఊపిరి ఆడలేదు. నిద్రలోనే."

ముగ్గురూ టోపీలు వెనక్కి నెట్టుకుని చూస్తున్నారు. డార్లీన్ దారం తెంపకుండా ఆగింది. తర్వాతేంటని ఒకతను అడిగాడు. తర్వాతేం లేదన్నాడు ఆర్వో. ఇంకొకతను ముందే నవ్వడం మొదలుపెట్టి, నవ్వాల్సిన చోటు రాక, ఆ నవ్వును కాఫీలో ముంచేశాడు.

"ఇదేం కథ ఆర్వో, ముసలాడివైపోయావు." అంది డార్లీన్ పొట్లం చేతికిస్తూ. "చేపదే నయం."

"అవును." అన్నాడు ఆర్వో. "వాడూ అదే అన్నాడు."

పొట్లం వేడిగా ఉంది. ట్రక్కులో పక్కసీటు మీద పెట్టి, బుధవారం యంత్రానికి పెట్టిన బెల్టే దానికీ పెట్టి, ఆటర్ సరస్సు దారి పట్టాడు. ఏడు మైళ్లు. నాలుగో మైలు దగ్గర దుప్పి కథ మొదట్నుంచి పైకే చెప్పడం మొదలుపెట్టాడు. బాగా కుదిరింది. గేటూ తాళమూ వచ్చేసరికి పోస్టు డబ్బా వచ్చింది, కథ ఆపేసి తౌనో ఇంటివైపు తిరిగాడు.